మందూ ధ్వనీ కలిసిన చోటే

పోయిన సంచికలో మొండి ఇన్ఫెక్షన్ల గురించి రాస్తూ, ‘అల్ట్రాసౌండ్ తగిలితేనే పనిచేసే మందుల మీద పరిశోధన జరుగుతోంది’ అని ఒక్క వాక్యం రాశాను. ఎక్కువ ఉత్తరాలు ఆ వాక్యం గురించే వచ్చాయి. కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే. నేను సూక్ష్మజీవశాస్త్రం చదివి, చాలాకాలం ఆసుపత్రి ల్యాబ్‌లో కల్చర్లు (రోగి నుంచి తీసిన శాంపిల్‌లోని క్రిములను పెంచి చేసే పరీక్షలు) చూసి, ఆ తర్వాత పరిశోధన వైపు వచ్చినదాన్ని. ‘ఏ మందుకూ లొంగడం లేదు’ అని రిపోర్టు రాసి సంతకం పెట్టాల్సి వచ్చిన రోజులున్నాయి. అందుకే ఈ విషయం మీద నాకు ఆశ ఎక్కువ, జాగ్రత్త ఇంకా ఎక్కువ.

ప్రశ్న: మేడమ్ గారూ, అల్ట్రాసౌండ్‌తో క్రిములు చస్తాయంటే, స్కానింగ్ చేయించుకున్న ప్రతివాళ్లకీ ఇన్ఫెక్షన్ తగ్గిపోవాలి కదా? అలా తగ్గడం లేదంటే ఈ మాట నిజమేనా? నిజమైతే స్కానింగ్ వల్ల మన ఒంటికి హాని లేదా?
— ఒక గృహిణి

జవాబు: చాలా సరైన చోట పట్టుకున్నారమ్మా. స్కానింగ్‌కి వాడే ధ్వని క్రిములను చంపదు. చంపకూడదు కూడా. కడుపులో బిడ్డను చూడటానికి వాడే ధ్వని దేన్నీ కదిలించకుండా వెళ్లి, తగిలి, తిరిగి రావాలి. అందుకే యంత్రం దాన్ని ఆగకుండా పంపదు. సెకనులో పది లక్షల వంతుల్లో ఒకటి, మహా అయితే రెండు మూడు వంతుల సేపు ఒక చిన్న మోత పంపి, మిగిలిన సమయమంతా ప్రతిధ్వని కోసం ఎదురుచూస్తుంది. ఈసారి స్కానింగ్‌కి వెళ్లినప్పుడు తెర మూలన చూడండి, ‘ఎం.ఐ.’, ‘టి.ఐ.’ అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఆ ధ్వని ఒంట్లో బుడగలు పుట్టించే అవకాశం ఎంతో చెబుతుంది, రెండోది వేడి పుట్టించే అవకాశం ఎంతో చెబుతుంది. ఆ రెంటినీ తక్కువలో ఉంచడమే స్కానింగ్ చేసేవాళ్ల శిక్షణలో ముఖ్యమైన భాగం.

మనం మాట్లాడుకుంటున్న పద్ధతిలో ధ్వని కొంచెం వేరు. సాధారణంగా 1 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సెకనుకు పది లక్షల కంపనాలు. స్కానింగ్ కంటే పొడవైన మోతలుగా, కొన్ని నిమిషాలపాటు పంపుతారు. తీవ్రత చదరపు సెంటీమీటరుకు ఒకటి రెండు వాట్లు, ఫిజియోథెరపీలో వాడేదానికి దగ్గర. ఆ ధ్వని ఒక్కటే పడితే క్రిమి పెద్దగా చావదు. క్రిమి దగ్గరకు ముందుగా ఒక ప్రత్యేకమైన మందును చేరుస్తారు. ఆ మందు ఒక్కటే ఉన్నా క్రిమి చావదు. రెండూ ఒకేచోట, ఒకే సమయంలో కలిస్తే చస్తుంది.

ఈ పద్ధతి విలువంతా ఇక్కడే ఉంది. మామూలు యాంటీబయోటిక్ మాత్ర వేసుకుంటే అది రక్తంతోపాటు ఒళ్లంతా తిరుగుతుంది. కాలి పుండు కోసం మింగిన మందు పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. ఈ పద్ధతిలో మందు ఎక్కడ పనిచేయాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో మన చేతిలో ఉంటుంది. ధ్వని పంపే ప్రోబ్ తీసేస్తే పని ఆగిపోతుంది.

ప్రశ్న: ధ్వని అంటే వెలుతురు కాదు, కరెంటు కాదు. ఊరికే కంపనం. ఒక కంపనం తగిలితే రసాయన పదార్థం ఎలా మేల్కొంటుంది? మా లెక్చరర్ని అడిగితే సరైన జవాబు రాలేదు.
— బీఎస్సీ విద్యార్థి

జవాబు: మీ లెక్చరర్ గారిని తప్పుపట్టకండి. ఈ రంగంలోనే ఉన్నవాళ్లు కూడా ఇంకా వాదించుకుంటున్న ప్రశ్న ఇది. తెలిసినంతవరకు చెబుతాను, కాస్త పొడవవుతుంది.

నీటిలో ధ్వని వెళ్తుంటే ఒక చోట ఒత్తిడి పెరుగుతుంది, మరుక్షణమే తగ్గుతుంది. తగ్గినప్పుడు నీటిలో కరిగి ఉన్న వాయువు సన్నని బుడగగా తేలుతుంది. ఒత్తిడి మళ్లీ పెరిగితే బుడగ కుంచించుకుపోతుంది. ఇలా ఊగుతూ ఊగుతూ కొంచెం కొంచెం పెద్దదై, ఒక దశలో ఒక్కసారిగా లోపలికి కూలిపోతుంది. దీన్నే కావిటేషన్ అంటారు. కూలే క్షణంలో, ఆ చిన్న బుడగ లోపల ఉష్ణోగ్రత కొన్ని వేల డిగ్రీలకు చేరుతుంది. చుట్టూ ఉన్న నీరు మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది, ఎందుకంటే ఇదంతా సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు, జరిగే చోటు కంటికి ఆనదు. ఆ వేడికి నీటి అణువే విడిపోయి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఇది చాలా కోపిష్టి పదార్థం, ఎదురైన ప్రతి అణువునూ కొరుకుతుంది.

అంతేకాదు, కూలే బుడగ ఒక్కోసారి వెలుగుతుంది కూడా. 1934లో జర్మనీలోని కొలోన్‌లో ఫ్రెంజెల్, షుల్టెస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నీటిలోకి అల్ట్రాసౌండ్ పంపుతున్నప్పుడు, అందులో ఉంచిన ఫొటోగ్రఫీ ప్లేటు మీద చుక్కలు పడటం గమనించారు. ధ్వని నుంచి వెలుతురు! దీనికి సోనోల్యూమినెసెన్స్ అనే పేరు తర్వాత బాగా వ్యాపించింది.

ఇప్పుడు మందు విషయానికి రండి. 1989లో జపాన్‌లో యుమిటా, ఉమెమురా బృందం హెమటోపోర్ఫిరిన్ అనే పదార్థాన్ని కేన్సర్ కణాలకు ఇచ్చి అల్ట్రాసౌండ్ తగిలించింది. మందు లేకుండా ధ్వని మాత్రమే తగిలిన కణాలకంటే, రెండూ తగిలిన కణాలు చాలా ఎక్కువగా చచ్చాయి. ఈ హెమటోపోర్ఫిరిన్ అంతకుముందు నుంచీ వెలుతురుతో చేసే చికిత్సలో తెలిసినదే. వెలుతురు పడితే అది శక్తిని పీల్చుకుని, పక్కనున్న ఆక్సిజన్‌కి అందిస్తుంది. ఆ ఆక్సిజన్ సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన రూపంలోకి మారుతుంది. కాబట్టి ఒక వాదన ఏమిటంటే, కూలే బుడగ ఇచ్చే ఆ కాస్త వెలుతురే మందును మేల్కొలుపుతుందని. రెండో వాదన, ఆ వేడికి మందు అణువే విరిగి రాడికల్స్‌గా మారుతుందని. మూడోది, మందు కణం పొరలోకి చేరి దాన్ని బలహీనపరచడం వల్ల, బుడగ కూలినప్పుడు వచ్చే కుదుపుకి ఆ పొర తేలిగ్గా చిరుగుతుందని. నా అభిప్రాయం అడిగితే, మందును బట్టి, ధ్వనిని బట్టి ఈ మూడూ వేర్వేరు పాళ్లలో జరుగుతాయి. ఏ ఒక్కదాన్నో పట్టుకుని ‘ఇదే అసలు కారణం’ అని రాసిన వ్యాసం చదివితే కాస్త అనుమానంతోనే చదవండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా పెట్టుకోండి. సింగ్లెట్ ఆక్సిజన్ నీటిలో బతికేది సెకనులో పది లక్షల వంతుల్లో మూడు నాలుగు వంతులు. ఆ కాసేపట్లో అది వెళ్లగలిగే దూరం ఒక బ్యాక్టీరియా పొడవు కంటే కూడా తక్కువ. కాబట్టి మందు క్రిమిని అంటుకుని ఉండాలి, లేదా లోపలికి వెళ్లి ఉండాలి. దూరంగా ఉంటే, ఎంత ధ్వని పంపినా ఉపయోగం చాలా తక్కువ.

ప్రశ్న: వెలుతురుతోనే ఆ పని అవుతున్నప్పుడు ధ్వని ఎందుకు?
— పేరు రాయని పాఠకుడు

జవాబు: లోతు కోసం. వెలుతురు వైద్యం పాతదే. 1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి, తన గురువు టాపైనర్ దగ్గర పనిచేస్తూ, అక్రిడిన్ అనే రంగు కలిపిన నీటిలోని ఏకకణ జీవులు వెలుతురు పడితేనే చస్తున్నాయని గుర్తించాడు. అక్కడి నుంచి అది బాగా పెరిగింది. కానీ చర్మంలోకి బాగా చొచ్చుకెళ్లే ఎర్రని కాంతి కూడా కొన్ని మిల్లీమీటర్లు పోయేసరికి నీరసపడుతుంది. 1 మెగాహెర్ట్జ్ ధ్వని మెత్తని కండలో కొన్ని సెంటీమీటర్లు వెళ్లాక కూడా సగం తీవ్రతతో ఉంటుంది. పై పుండుకి వెలుతురు చాలు. లోపలి చీముగడ్డకి ధ్వని కావాలి.

ధ్వనికీ దాని హద్దులు దానికున్నాయి. గాలి దాన్ని దాదాపు పూర్తిగా వెనక్కి కొట్టేస్తుంది, అందుకే ప్రోబ్ కింద జెల్ పూస్తారు. గాలి నిండిన ఊపిరితిత్తుల్లోకి ఇది సరిగా వెళ్లదు. ఎముక దగ్గర కొంతభాగం వెనక్కి మళ్లుతుంది, మిగతాది చాలావరకు వేడిగా మారుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి మోకాలి కీలు మార్చారు. కొన్ని నెలల తర్వాత అక్కడ ఇన్ఫెక్షన్ వచ్చింది. యాంటీబయోటిక్ వాడుతున్నంతకాలం తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. లోపల కడగాలి, అవసరమైతే కీలు తీసి మళ్లీ వేయాలి అంటున్నారు. ఆయన వయసుకి మళ్లీ ఆపరేషనా అని టెన్షన్‌గా ఉంది. మీరు రాసిన ధ్వని చికిత్స ఎక్కడైనా చేస్తారా? కొన్నాళ్లు ఆగితే వస్తుందా?
— ఒక కొడుకు

జవాబు: బాబూ, ముందు సూటిగా చెబుతాను. ఆగవద్దు. ఈ రకమైన ఇన్ఫెక్షన్‌కి ధ్వనితో చేసే చికిత్స ఈరోజు ఆసుపత్రుల్లో అందుబాటులో లేదు. కడగడం, అవసరమైతే కీలు మార్చడం, దానితోపాటు వారాల తరబడి యాంటీబయోటిక్ ఇవ్వడం, ఇదే తెలిసిన దారి. ఆలస్యమైతే ఎముక కూడా పాడవుతుంది. మీ నాన్నగారి డాక్టర్లు చెబుతున్నది సరైన మాటే.

మందు వాడినప్పుడు తగ్గి, ఆపగానే ఎందుకు తిరగబెడుతోందో తెలిస్తే మీకు నిర్ణయం కాస్త తేలికవుతుంది. లోహం మీద, ప్లాస్టిక్ మీద బ్యాక్టీరియా విడివిడిగా ఉండవు. అంటుకుని, తమ చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. అదే బయోఫిల్మ్. పొద్దున లేవగానే నాలుకతో పళ్లను తడిమితే జారుడుగా తగిలేది కూడా బయోఫిల్మే. ఆ జిగురులో చక్కెర గొలుసులు, ప్రొటీన్లు, చచ్చిన క్రిముల డీఎన్ఏ అన్నీ కలిసి ఉంటాయి. అడుగున ఉన్న క్రిములకు ఆహారం, ఆక్సిజన్ తక్కువ అందుతాయి కాబట్టి అవి పెరగడం మానేసి నిద్రలాంటి స్థితిలోకి పోతాయి. చాలా యాంటీబయోటిక్‌లు పెరుగుతున్న క్రిమినే బాగా చంపగలవు. నిద్రలో ఉన్నదాన్ని ఏమీ చేయలేవు. అందుకే విడిగా తేలుతున్న క్రిమిని చంపే మోతాదుకి కొన్ని వందల రెట్లు ఇచ్చినా బయోఫిల్మ్‌లోనిది బతకగలదు. మందు ఆపగానే అది లేచి మళ్లీ మొదలుపెడుతుంది. మందు తప్పు కాదు, మీ నాన్నగారి శరీరం తప్పు కాదు.

మరి ధ్వని మీద శాస్త్రవేత్తలు ఆశ పెట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. బుడగలు కదిలినా, కూలినా ఆ జిగురు పొర వదులవుతుంది, లోపలికి మందు పోయే దారి తెరుచుకుంటుంది. 1990ల్లోనే అమెరికాలో విలియం పిట్ బృందం అల్ట్రాసౌండ్ తోడైతే జెంటామైసిన్ లాంటి యాంటీబయోటిక్‌లు బ్యాక్టీరియా మీద ఎక్కువ పనిచేస్తాయని చూపించింది. ధ్వనికి స్పందించే మందు అయితే, క్రిమి నిద్రలో ఉందా మేలుకుని ఉందా అని చూడదు. చురుకైన ఆక్సిజన్‌కి ఆ తేడా పట్టదు.

అయినా మోకాలి విషయంలో కష్టాలున్నాయి. లోహం ధ్వనిని వెనక్కి తిప్పుతుంది. కొన్ని చోట్ల ఎక్కువ వేడి, కొన్ని చోట్ల అసలు ధ్వనే లేని నీడ. ఆ నీడలో మిగిలిన నాలుగు క్రిములు చాలు, మళ్లీ పెరగడానికి. పైగా జిగురు వదులయ్యాక క్రిములన్నీ చావకపోతే అవి రక్తంలోకి పోయే ప్రమాదం ఉంది. ఇంకో మాట కూడా మీరు తెలుసుకోవాలి. బలహీనమైన అల్ట్రాసౌండ్ మాత్రమే తగిలితే కొన్ని బ్యాక్టీరియా ఇంకా వేగంగా పెరిగినట్టు ప్రయోగాల్లో కనబడింది. కంపనం వల్ల వాటికి ఆహారం, ఆక్సిజన్ బాగా అందుతాయి మరి. కాబట్టి ఎవరైనా ‘నొప్పికి అల్ట్రాసౌండ్ పెట్టించండి, ఇన్ఫెక్షన్ కూడా తగ్గుతుంది’ అంటే ఒప్పుకోవద్దు.

ఆపరేషన్‌కి ముందు, లోపలి ద్రవం తీసి ఏ క్రిమి ఉందో, ఏ మందుకి లొంగుతుందో కల్చర్ చేయించారా అని డాక్టరు గారిని అడగండి. మొదటి శాంపిల్ తీసే ముందు యాంటీబయోటిక్ కొన్నిరోజులు ఆపాలా అన్నదీ వాళ్లే నిర్ణయించాలి, మీ అంతట మీరు ఆపకండి. మీ నాన్నగారికి త్వరగా నయం కావాలని మనసారా కోరుకుంటున్నాను.

ప్రశ్న: యాంటీబయోటిక్‌లకు అలవాటుపడినట్టే, క్రిములు దీనికీ అలవాటుపడవా?
— ఫార్మసీ విద్యార్థిని

జవాబు: పడటం కష్టం, అసాధ్యం అనను. యాంటీబయోటిక్ సాధారణంగా క్రిమిలో ఒక నిర్దిష్టమైన భాగాన్ని పట్టుకుంటుంది. ఇంటి తాళం మార్చేస్తే దొంగ దగ్గరున్న తాళంచెవి పనికిరాదు. క్రిమి చేసేదీ అదే, ఆ ఒక్క భాగం ఆకారం మార్చుకుంటుంది. చురుకైన ఆక్సిజన్ మాత్రం తాళం జోలికి పోదు, గోడలనే కూలుస్తుంది. పొరలోని కొవ్వులు, ప్రొటీన్లు, డీఎన్ఏ అన్నిటినీ ఒకేసారి దెబ్బతీస్తుంది. అన్నిటినీ ఒకేసారి మార్చుకోవడం క్రిమికి సాధ్యం కాదు.

కానీ క్రిములు చేతులు ముడుచుకుని కూర్చోవు. కొన్ని రకాల చురుకైన ఆక్సిజన్‌ని తొలగించే కేటలేజ్, సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ లాంటి ఎంజైములు వాటికి ముందునుంచీ ఉన్నాయి. మందును బయటికి తోసే పంపులున్నాయి. సింగ్లెట్ ఆక్సిజన్‌నీ, హైడ్రాక్సిల్ రాడికల్‌నీ నేరుగా తీసేసే ఎంజైము ఏదీ వాటి దగ్గర లేకపోవడం మన అదృష్టం.

మీరు ఫార్మసీ కాబట్టి ఇంకొకటి. గ్రామ్ పాజిటివ్ క్రిములు, ఉదాహరణకి స్టెఫైలోకాకస్, తేలిగ్గా లొంగుతాయి. ఈ.కోలి, సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ వాటికి బయట ఇంకో పొర ఉంటుంది. దాని పైభాగం రుణావేశంతో ఉంటుంది, పోర్ఫిరిన్ (పైన చెప్పిన హెమటోపోర్ఫిరిన్ కుటుంబం) లాంటి మందులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. అందుకని మందు అణువుకి ధనావేశం తగిలించడం, లేదా నానో కణాల్లో, అంటే కంటికి కనబడనంత చిన్న రేణువుల్లో పెట్టి పంపడం చేస్తున్నారు. నాకు బాగా నచ్చిన దారి ఇంకొకటుంది. అమైనోలెవులినిక్ ఆమ్లం అనే చిన్న అణువు ఇస్తే, చాలా క్రిములు దాన్ని తీసుకుని తమలోపల తామే పోర్ఫిరిన్ తయారుచేసుకుంటాయి. మొటిమల్లో ఉండే బ్యాక్టీరియా అయితే ఏమీ ఇవ్వకపోయినా పోర్ఫిరిన్ చేస్తుంది. చీకట్లో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వేసి చూస్తే ముఖం మీద ఆ చోట్లు నారింజ ఎరుపులో మెరుస్తాయి.

ఈ పని తొందరగా ఎందుకు కావాలంటే, 2019లో ఒక్క సంవత్సరంలో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని ప్రపంచవ్యాప్త అంచనా 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ అంకె చదివినప్పుడు, నేను సంతకం పెట్టిన ఆ రిపోర్టులే నాకు గుర్తొచ్చాయి.

ప్రశ్న: కళ్లజోడు, నగలు కడిగే చిన్న అల్ట్రాసోనిక్ యంత్రం మా ఇంట్లో ఉంది. పసుపులోని కర్కుమిన్ కూడా ధ్వనికి స్పందించే మందేనని చదివాను. అయితే ఆ యంత్రంలో నీళ్లు పోసి, పసుపు వేసి, కాలి పుండుని అందులో పెట్టుకోవచ్చా?
— రిటైరైన ఉద్యోగి

జవాబు: దయచేసి పెట్టకండి. అడిగి మంచిపని చేశారు.

మీరు చదివింది అబద్ధం కాదు. కర్కుమిన్‌తో ప్రయోగాలు జరిగాయి, ఫలితాలూ వచ్చాయి. అయితే అది శుద్ధి చేసిన కర్కుమిన్. నీటిలో అది దాదాపు కరగదు, వేరే ద్రావకంలో కరిగించో, నానో కణాల్లో ఎక్కించో వాడతారు. పసుపు పొడిలో కర్కుమిన్ ఉండేది కొద్ది శాతమే. మిగతాదంతా పిండిపదార్థం, పీచు, నూనెలు, ఒక్కోసారి నేల నుంచి వచ్చిన క్రిములు కూడా. తెరుచుకున్న పుండులో అవి వద్దు.

యంత్రం సంగతి. కడిగే యంత్రాలు 40 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ తక్కువ కంపనాల దగ్గర బుడగలు పెద్దవి, వాటి దెబ్బ గట్టిది. మురికిని ఊడగొట్టడానికే వాటిని అలా తయారుచేశారు. సజీవమైన కండకి అది పనికిరాదు. పైగా, అలా కడిగిన వస్తువు శుభ్రమవుతుందే తప్ప క్రిమిరహితం కాదు. ఆసుపత్రిలో కూడా ఆపరేషన్ పనిముట్లను అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగాక, ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టాల్సిందే.

షుగర్ ఉన్నవాళ్లయితే కాలి పుండు విషయంలో ఒక్కరోజు కూడా సొంతవైద్యం వద్దు. పాదంలో స్పర్శ తగ్గి ఉంటే దెబ్బ తగిలినా మీకు తెలియదు. రేపే డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: ‘అల్ట్రాసౌండ్ టెక్నాలజీతో 99.9 శాతం క్రిములు ఖతం’ లాంటి మాటలు విన్నప్పుడు ఏది నిజమో మాలాంటివాళ్లు ఎలా తేల్చుకోవాలి?
— ఒక స్కూలు టీచరు

జవాబు: టీచరు గారూ, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాను. నాలుగు ప్లేట్లు చూపించమని అడగండి.

ల్యాబ్‌లో మేం ఏం చేస్తామో చెబుతాను. ఒకే కల్చర్‌ని నాలుగు గొట్టాల్లో పోస్తాం. మొదటిదానికి ఏమీ చేయం. రెండోదానికి మందు మాత్రమే. మూడోదానికి ధ్వని మాత్రమే. నాలుగోదానికి రెండూ. మందు కలిపిన క్షణం నుంచి గొట్టాలకు అల్యూమినియం రేకు చుట్టేస్తాం, గదిలో పెద్దలైట్లు ఆర్పేస్తాం. ఎందుకంటే ఈ మందుల్లో చాలావాటికి వెలుతురు తగిలినా పని మొదలవుతుంది. బల్ల మీది ట్యూబ్‌లైటు చంపిన క్రిములను ధ్వని ఖాతాలో రాసేస్తే ప్రయోగమంతా వృథా. ధ్వని పంపుతున్నంతసేపూ గొట్టంలో సన్నని థర్మామీటరు తీగ ఉంటుంది. వేడి పెరిగితే, చంపింది మందా వేడా అన్నది తేలదు. గొట్టం మునిగి ఉండే నీటిని ముందే మరిగించి చల్లార్చో, వాక్యూమ్ పెట్టో అందులోని గాలి తీసేస్తాం. లేకపోతే బుడగలు దారిలోనే పుట్టి ధ్వనిని గొట్టం దాకా పోనివ్వవు.

తర్వాత లెక్కపెట్టడం. ఒక వంతు ద్రవం, తొమ్మిది వంతుల ఉప్పునీరు. అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ తొమ్మిది వంతులు. ఇలా మెట్లు మెట్లుగా పలచన చేసి, క్రిములకు ఆహారమైన జెల్లీ ఉన్న ప్లేటు మీద పోసి, వంచిన గాజుకడ్డీతో పరుస్తాం. రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచితే బతికిన ఒక్కో క్రిమీ ఒక్కో చుక్కగా పెరుగుతుంది. 30 నుంచి 300 మధ్య చుక్కలున్న ప్లేటునే లెక్కలోకి తీసుకుంటాం. మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీసి ఆ నాలుగు ప్లేట్లను పక్కపక్కన పెట్టినప్పుడు, మొదటి మూడూ ఒకేలా దట్టంగా ఉండి, నాలుగోదాంట్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చుక్కలే ఉంటే, ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. మూడో ప్లేటు కూడా పలచబడి ఉంటే మాత్రం నిరాశే. ధ్వని ఒక్కటే చంపేంత గట్టిగా ఉందంటే, మన కణాలూ దాన్ని తట్టుకోవు. ధ్వనితో సూక్ష్మజీవులు చావడం కొత్త సంగతి కాదు. 1920ల్లోనే వుడ్, లూమిస్, హార్వే అనే అమెరికన్ శాస్త్రవేత్తలు చాలా తీవ్రమైన ధ్వనితో ఆ పని చేసి చూపించారు. మనిషికి తగిలించలేని తీవ్రత అది.

ఇక 99.9. వినడానికి గొప్పగా ఉంటుంది. పది లక్షల క్రిములుంటే, 99.9 శాతం పోయాక వెయ్యి మిగులుతాయి. ప్రతి ఇరవై నిమిషాలకూ రెట్టింపయ్యే రకమైతే, ఆ వెయ్యి మళ్లీ పది లక్షలు కావడానికి మూడున్నర గంటలు చాలు. మీ పిల్లల చేత ఈ లెక్క బోర్డు మీద చేయించండి. పుండు విషయంలో వెయ్యి మిగిలితే మన తెల్లకణాలు చూసుకోవచ్చు, అది నిజంగా పెద్ద సాయమే. ఆపరేషన్ కత్తి విషయంలో వెయ్యి మిగలడం ఒప్పుకోరాని సంగతి. కాబట్టి ఎంత శాతం అన్నదానితోపాటు, ఎక్కడ, ఏ క్రిమి మీద, విడిగా తేలేదాని మీదా బయోఫిల్మ్ మీదా, గాజుగొట్టంలోనా మనిషిలోనా అని అడగాలి. వీటికి జవాబు చెప్పలేనివాళ్ల మాట నమ్మక్కర్లేదు.

ప్రశ్న: చుట్టుపక్కలున్న మన మంచి కణాల మాటేమిటి?
— ఒక నర్సు

జవాబు: వాటికీ దెబ్బ తగలవచ్చు. చురుకైన ఆక్సిజన్‌కి మనది, క్రిమిది అనే తేడా తెలియదు. మూడు విధాలుగా కాపాడుకోవాలి. మందు మన కణాల కంటే క్రిమిని త్వరగా, ఎక్కువగా అంటుకునేలా చూడటం, అది అంటుకోగానే ధ్వని మొదలుపెట్టడం, అవసరమైన చోటికే ధ్వనిని గురిపెట్టడం. మన కణాల్లో గ్లూటాథయోన్ లాంటి రక్షణ పదార్థాలు కొంత తట్టుకుంటాయి. ఇంకొకటి మీరు వార్డులో ఉంటారు కాబట్టి చెబుతున్నాను. పోర్ఫిరిన్ రకం మందులు రక్తంలోకి ఇస్తే చర్మం ఎండకి అతిగా స్పందిస్తుంది, కొన్నిటితో వారాలపాటు. అలాంటి రోగిని కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టకూడదు.

ప్రశ్న: ఇది మనుషులకి మొదట ఏ జబ్బులో రావచ్చు? నేను ఫిజిక్స్ చదువుతున్నాను, ఈ పరిశోధనలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి?
— ఎమ్మెస్సీ విద్యార్థిని

జవాబు: కేన్సర్ వైపు ఈ పద్ధతి ముందుంది. మెదడు కణితుల మీద అమైనోలెవులినిక్ ఆమ్లం ఇచ్చి, బయటి నుంచి అల్ట్రాసౌండ్ గురిపెట్టే క్లినికల్ ట్రయల్స్ జరిగాయి. ఇన్ఫెక్షన్ల వైపు ఎక్కువభాగం ఇంకా గాజుగొట్టాల్లో, ఎలుకల్లో ఉంది. నా అంచనా ప్రకారం మొదట వచ్చేది నోటి నుంచి, పై పుండ్ల నుంచి. అక్కడ మందు నేరుగా పూయవచ్చు, రక్తంలోకి ఎక్కించనక్కర్లేదు. దంతవైద్యులకు అల్ట్రాసౌండ్ కొత్తా కాదు. గార తీసే స్కేలర్ అదే. రూట్ కెనాల్‌లో పోసిన హైపోక్లోరైట్ అనే క్రిమినాశక ద్రవాన్ని సన్నని సూదితో అల్ట్రాసోనిక్‌గా కదిలించడం కూడా ఇప్పటికే చేస్తున్నారు.

మీరు ఫిజిక్స్ అనేసరికి ప్రాణం లేచొచ్చింది. ఈ రంగంలో పెద్ద లోటు జీవశాస్త్రంలో కాదు, ధ్వని కొలతలో ఉంది. ఒక బృందం చదరపు సెంటీమీటరుకు 1 వాట్ అని రాస్తుంది, ఇంకో బృందమూ అదే రాస్తుంది, ఫలితాలు మాత్రం కలవవు. 1 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగం నీటిలో ఒకటిన్నర మిల్లీమీటర్లు. ప్లేటు అడుగు నుంచి వచ్చిన తరంగం పైన గాలికి తగిలి వెనక్కి వచ్చి, కొత్తగా వచ్చేదానితో కలిసి, ఒక చోట రెట్టింపవుతుంది, అర మిల్లీమీటరు కూడా లేని దూరంలో దాదాపు సున్నా అవుతుంది. యంత్రం మీది అంకె మాత్రం మారదు. క్రిమికి నిజంగా తగిలింది ఎంతో చాలా వ్యాసాల్లో ఉండనే ఉండదు.

కాబట్టి హైడ్రోఫోన్‌తో నీటిలో ఒత్తిడి కొలవడం నేర్చుకోండి. కావిటేషన్ జరుగుతున్నప్పుడు వచ్చే శబ్దాన్ని వేరుగా పట్టుకుని, ఎంత జరిగిందో లెక్కగట్టడం నేర్చుకోండి. వీటితోపాటు ఏదైనా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఒక వేసవి పనిచేసి, ప్లేటు పరవడం, కాలనీలు లెక్కపెట్టడం చేత్తో చేసి చూడండి. ఈ రెండూ వచ్చినవాళ్ల కోసం నాలాంటివాళ్లు వెతుకుతూనే ఉంటారు.